ఇంతకీ ఏం తేలింది?

చెన్నైలో దంతవైద్యం పీజీ చేస్తున్న తెలుగు మిత్రులందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున హాస్టల్లో నిద్రపోకుండా తాంబరం నుంచి, పూనమల్లి వైపు నుంచి టి.నగర్ దాకా వచ్చారు. పరిశోధన మీద ప్రేమతో వచ్చారా, కాన్ఫరెన్స్ గడువు దగ్గర పడిందన్న టెన్షన్‌తో వచ్చారా అని నేను అడగను.

మీరు డిపార్ట్‌మెంట్లో ఇంగ్లీషు మాట్లాడతారు. ఓపీలో పేషెంటుతో నోరు తెరవమని తమిళంలో "వాయ తొరంగ" అంటారు. రాత్రి ఫోన్లో అమ్మతో మాత్రం తెలుగు. అబ్‌స్ట్రాక్ట్, అంటే కాన్ఫరెన్స్‌కి ముందుగా పంపే పరిశోధన సారాంశం, రాయడం గురించి ఆ మూడో భాషలో చెప్పమని మీవాళ్ళు అడిగినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

నేను ఈ ఊళ్ళోనే పీజీ చేశాను. అప్పుడు ఎస్‌టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళం. ఒక రాత్రి నా థీసిస్ గురించి నాన్నగారికి పావుగంట చెప్పాను. ఎన్ని పళ్ళు పోగుచేశానో, ఏ మిషన్ కోసం ఎవర్ని బతిమాలానో అంతా చెప్పాను. మీటరు తిరుగుతోంది. ఆయన ఓపిగ్గా విని, "బాగుందమ్మా, ఇంతకీ ఏం తేలింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పదిరోజుల ముందే ఒక కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపి ఉన్నాను. అందులో చివరి వాక్యం, "ఫలితాలు సభలో చర్చించబడతాయి." అది తిరిగి వచ్చేసింది. రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇప్పుడు నేను బల్లకి అవతలి వైపు, ఏది తీసుకోవాలో తేల్చే రివ్యూయరుగా కూర్చుని ఇలాంటివి చదువుతుంటాను. "రిజల్ట్స్ విల్ బి డిస్కస్డ్" అన్న వాక్యం ఇప్పటికీ వస్తూనే ఉంది. అతిథిని కూర్చోబెట్టి, ఆకు వేసి, నీళ్ళు చల్లి, "వంట ఇంకా అవుతోంది" అన్నట్టు ఉంటుంది. వంట కాకపోతే ఈసారి పిలవకండి, వచ్చే ఏడాది పిలవండి. గైడ్ ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. పీజీ పూర్తయ్యేలోగా పేపరో పోస్టరో చదవాలని తెలుసు. అయినా ఇరవై శాంపిళ్ళతో ముందస్తుగా చేసి చూసిన పైలట్ ఫలితం ఉంటే అది పైలట్ అని చెప్పి పంపండి. దాన్ని నేను కాదనను. ఖాళీ ఆకును మాత్రం కాదంటాను.

రివ్యూయర్ ఎలా చదువుతాడో చెబుతాను. సాయంత్రం ఓపీ అయ్యాక ముప్పై అబ్‌స్ట్రాక్టులు ముందుంటాయి. నేనైతే టైటిల్ చూస్తాను, వెంటనే రిజల్ట్స్‌కి దూకుతాను. అక్కడ అంకెలుంటే పైకి వెళ్ళి మెథడ్స్ చదువుతాను. ఇంట్రడక్షన్ చివర చదువుతాను, ఒక్కోసారి చదవను కూడా. మీరేమో సగం పదాలు అక్కడే ఖర్చుపెడతారు. "దంతక్షయం ప్రపంచవ్యాప్తంగా..." అని మొదలుపెట్టి నాలుగు లైన్లు. చదివేది డెంటిస్టే కదా, పళ్ళు పుచ్చుతాయని ఆయనకి తెలుసు. అంతర్జాతీయ దంత పరిశోధన సంఘం ఐఏడీఆర్ వాళ్ళు ఇచ్చేది 300 పదాలు. మన దేశంలో కొన్నిచోట్ల 250 మాత్రమే. అందుకే మొదట రిజల్ట్స్ రాయండి. మిగిలిన చోటులో మిగతావి సర్దండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవే, రేపు ఎవరూ వీటిని కోట్ చేయకండి. బడిపిల్లలు 60 మంది. సగం మందికి పళ్ళు తోముకోవడం వీడియోలో చూపించారు, సగం మందికి ప్లాస్టర్ మోడల్ మీద చూపించారు. నాలుగు వారాల తర్వాత పాచి ఎంతుందో సిల్నెస్, లో అనే ఇద్దరి పేర్లతో ఉన్న ఇండెక్స్‌తో కొలిచారు. మీలో చాలామంది ఇలా రాస్తారు: "వీడియో గ్రూపులో పాచి గణనీయంగా తగ్గింది, పి విలువ 0.05 కన్నా తక్కువ." పి విలువ అంటే, అసలు తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కాకతాళీయంగా కనబడే అవకాశం. నాన్నగారు మళ్ళీ అడుగుతారు, ఇంతకీ ఎంత తగ్గిందమ్మా?

ఇలా రాసి చూడండి: "మొదట రెండు గ్రూపుల్లోనూ సగటు స్కోరు 1.8. నాలుగు వారాలకు వీడియో గ్రూపులో 1.1, మోడల్ గ్రూపులో 1.4. తేడా 0.3, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.1 నుంచి 0.5." ఆ ఇంటర్వల్ అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు. ఇక్కడ చదివేవాడికి పని దొరుకుతుంది. సున్నా నుంచి మూడు దాకా ఉండే స్కేలు మీద 0.3 తేడా కోసం బడిబడికీ ప్రొజెక్టర్ మోయాలా అని ఆలోచించుకోగలుగుతాడు. 'గణనీయంగా' అన్న మాట ఆ ఆలోచనకి అడ్డం పడుతుంది.

ఇక్కడే ఇంకో తప్పు ఉంది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే థీసిస్‌లలో కూడా ఇది దొర్లిపోతోంది. ఒక గ్రూపులో ముందుకీ తర్వాతకీ తేడా చూశారు, పి విలువ 0.03 వచ్చింది. రెండో గ్రూపులో 0.08 వచ్చింది. మొదటిది 0.05 లోపు ఉంది, సిగ్నిఫికెంట్, రెండోది కాదు, కాబట్టి మొదటి పద్ధతే గొప్పది అని రాసేస్తారు. మాధవరం నుంచి రెండు నెల్లూరు బస్సులు బయలుదేరాయనుకోండి. ఒకటి నాయుడుపేట దాటింది, ఇంకోటి దాటలేదు. అంతమాత్రాన రెండింటి మధ్య పాతిక మైళ్ళు ఉన్నట్టా? ఒకటి ఊరికి అవతల, ఒకటి ఇవతల, మధ్యలో వంద గజాలే ఉండొచ్చు. రెండు బస్సుల మధ్య దూరం కావాలంటే దాన్నే కొలవాలి. అంటే రెండు గ్రూపుల్ని నేరుగా పోల్చాలి. మీ ప్రశ్న వీడియోనా మోడలా అన్నదైతే, జవాబు కూడా ఆ రెండింటి పోలికలోనే ఉండాలి.

పి విలువ మాట వచ్చింది కాబట్టి, దయచేసి 0.000 అని రాయకండి. లెక్కలు కట్టే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ టేబుల్లో మూడు దశాంశాల దాకా చూపించి ఆపేస్తుంది. మీరు దాన్ని అలాగే దింపేస్తారు. అక్కడ ఉన్నది సున్నా కాదు, 0.001 కన్నా తక్కువ. అలాగే రాయండి.

కన్‌క్లూజన్‌లో మనవాళ్ళకి ధైర్యం ఎక్కువ. అరవై మంది పిల్లల మీద నాలుగు వారాలు చేసి, "తమిళనాడులోని అన్ని పాఠశాలల్లో ప్రవేశపెట్టాలి" అంటారు. పీకిన ప్రీమోలార్ పళ్ళ మీద ల్యాబ్‌లో చేసి, "క్లినిక్‌లో ఇదే ఉత్తమం" అంటారు. ల్యాబ్‌లో పన్నుకి నోరు లేదు, ఉమ్మి లేదు, వేడి వేడి సాంబారు లేదు. ల్యాబ్‌లో చేస్తే ల్యాబ్‌లో చేశామనే చెప్పండి.

ఏం రాయాలో, ఏది మరిచిపోతున్నామో చూసుకోవడానికి చెక్‌లిస్టులు ఉన్నాయి. ఎవరు ఏ గ్రూపో లాటరీలా పంచే రాండమైజ్డ్ ట్రయల్‌కి కన్సార్ట్ ఉంది. అందులో అబ్‌స్ట్రాక్టుల కోసమే 2008లో విడిగా ఒకటి ఇచ్చారు. ఎంతమందిని గ్రూపుల్లోకి పంచారు, చివరికి ఎంతమందిని లెక్కలోకి తీసుకున్నారు, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, అన్నీ అడుగుతుంది. సర్వేలకి స్ట్రోబ్, కేసులకి కేర్. ల్యాబ్ పనికి క్రిస్ అని ఉంది. 2014లో దాన్ని ప్రతిపాదించినవాళ్ళు మన చెన్నైవాళ్ళే. ఇక్కడి పీజీలకే దాని పేరు తెలియకపోవడం నాకు కొంచెం బాధ.

టైటిల్ సంగతి. మీకు చమత్కారాలంటే ఇష్టం. "చిరునవ్వు వెనుక కథ" లాంటివి నెలకి నాలుగు చూస్తాను. అబ్‌స్ట్రాక్ట్ పుస్తకంలో వెతికేవాడికి ఆ కథ దొరకదు. 1937లో ఇక్కడే, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా ఉన్న షార్ట్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. టైటిల్ ఇంగ్లీషులో ఆరే మాటలు. మన మాటల్లో చెప్పాలంటే, మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానికంగా పాతుకుపోయిన ఫ్లోరోసిస్. జబ్బు ఏమిటో ఉంది, ఎక్కడో ఉంది, అంతే. వాళ్ళు రాసింది ఎవరి గురించి? అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల జనం గురించి. మన తాతల కాలం మనుషుల పళ్ళ గురించి, వంగిపోయిన నడుముల గురించి. దాదాపు తొంభై ఏళ్ళయినా ఫ్లోరోసిస్ మీద చదివేవాళ్ళకి ఆ వ్యాసం ఇంకా దొరుకుతూనే ఉంది. కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉంటే, ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ నీళ్ళ సంగతి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

ఎథిక్స్ కమిటీ అనుమతి అబ్‌స్ట్రాక్ట్ పంపే వారం తెచ్చుకునేది కాదు. పని మొదలుపెట్టకముందే ఉండాలి. పీకిన పళ్ళకి అక్కర్లేదని ఎవరైనా సీనియర్ చెబితే నమ్మకండి, మీ కమిటీనే అడగండి. క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, పేరు నమోదు చేయించాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంటును చేర్చుకోకముందే చేయాలన్నది నియమం, తర్వాత చేస్తామంటే తీసుకోరు. కేస్ రిపోర్టులో ఫొటో పెడితే రాతపూర్వక అనుమతి కావాలి. కళ్ళ మీద నల్ల పట్టీ వేసినంత మాత్రాన మనిషి గుర్తుపట్టరాకుండా పోడు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే ఉన్న ఒక తలనొప్పి. పేరు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి తమిళ మిత్రులకి ముందు వచ్చే ఇనీషియల్ తండ్రి పేరు. అబ్‌స్ట్రాక్ట్ పంపే ఆన్‌లైన్ పోర్టల్‌కి ఈ రెండూ తెలియవు, దానికి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు కావాలి. వెంకట నాగ సాయి లక్ష్మి అని పెట్టుకున్న పిల్ల ఆ రెండు డబ్బాల్లో ఎలా ఇముడుతుంది? ఒక కాన్ఫరెన్స్‌లో లక్ష్మి, ఇంకోదాంట్లో సాయి, మూడోదాంట్లో ఇంటిపేరొక్కటే. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఈ ముగ్గురూ ఒక్కరే అని అఫిడవిట్ రాయించుకున్న అమ్మాయిని నేను చూశాను. పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని, మొదటి అబ్‌స్ట్రాక్ట్ నాడే ఒక రూపం నిర్ణయించుకోండి. జన్మంతా దాన్నే రాయండి. ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు, అది తీసుకోండి. పేరు ఎన్ని వేషాలు వేసినా అంకె మారదు.

ఇతరుల పేర్ల విషయంలోనూ జాగ్రత్త. ఎవరెవరి పేర్లు ఏ వరుసలో ఉండాలో పంపేముందు మాట్లాడుకోండి. చివరి కాపీ అందరికీ చూపించండి. పని చేయనివాళ్ళ పేరు చేర్చమని ఎవరైనా అంటే మీరు కాదనలేరని నాకు తెలుసు, పీజీ స్థితి నాకూ గుర్తుంది. కానీ రేపు మీరు గైడ్ అయ్యాక ఆ పని చేయకండి. ఒకే అబ్‌స్ట్రాక్టును టైటిల్ మార్చి రెండు సభలకి పంపడం కూడా వద్దు. రివ్యూ చేసేది అక్కడా ఇక్కడా మేమే. దొరికిపోతారు.

పంపే రోజు గురించి ఒక కథ. మా పీజీ ఒకడు క్రౌన్, అంటే పంటి తొడుగు, దాని అంచుకీ పంటికీ మధ్య ఖాళీ ఎంతుందో కొలిచాడు. మంచి పని. క్లినిక్‌లో 120 మైక్రోమీటర్ల దాకా ఫరవాలేదని 1971లో మెక్లీన్, ఫాన్ ఫ్రౌన్‌హోఫర్ చెప్పిన హద్దును మనమంతా వాడతాం కదా, మావాడికి 60 వచ్చింది. వర్డ్‌లో మైక్రో గుర్తును సింబల్ ఫాంటులో పెట్టుకున్నాడు. పోర్టల్లో అతికించగానే ఫాంటు ఎగిరిపోయి మైక్రో కాస్తా ఎమ్ అయింది. సబ్మిట్ కొట్టేశాడు. పుస్తకంలో అచ్చయింది: 60 మిల్లీమీటర్ల ఖాళీ. రెండు పళ్ళు నిలువునా పేర్చినా అంత ఉండదు! స్టేజీ మీద ఛైర్‌పర్సన్ మొదటి ప్రశ్న, "పేషెంటు ఏనుగా బాబూ?" అందుకని అతికించాక ప్రివ్యూ చూడండి. మైక్రో, ప్లస్ మైనస్, లెస్ దేన్ గుర్తులు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడండి. అనుమానముంటే మాటల్లో రాయండి.

విదేశీ పోర్టల్ అయితే గడువు ఏ ఊరి టైమో చూసుకోండి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 11:59 అంటే చలికాలంలో మనకి మర్నాడు ఉదయం 10:29. అది కలిసొచ్చే సంగతే, కానీ దాన్ని నమ్ముకుని పడుకోకండి. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలుసు. ఇక మెయిల్లో మిమ్మల్ని మహామహులని పొగిడి, రెండు రోజుల్లో అంగీకరించి, వెంటనే ఫీజు అడిగే సభలుంటాయి. అక్కడ ఎవరూ ఏమీ చదవరు. మీ స్టైపెండ్ మీ కష్టార్జితం.

పోస్టరు, స్టేజీ మీద మాట్లాడటం మధ్యాహ్నం ఇంకొకరు చెబుతారు, వాటి జోలికి నేను వెళ్ళను.

మీ కుర్చీల మీద తలా ఒక కాగితం ఉంది. అవి మీరు పోయిన వారం పంపిన అబ్‌స్ట్రాక్టులే. పేర్లు, కాలేజీలు తీసేశాను. ఎవరిది ఎవరికి వచ్చిందో నాకూ తెలియదు. టీ వచ్చేలోగా పెన్ను తీసి, ఆ కాగితం మీద 'ఏం తేలింది' అన్నదానికి జవాబు ఏ వాక్యంలో ఉందో దాని కింద గీత గీయండి. గీత గీయడానికి చోటు దొరకనివాళ్ళు చెయ్యెత్తండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.