హారోలో ఒకే హౌస్ కుర్రాళ్లు: చర్చిల్, నెహ్రూ

[తెర మీద: రాత్రి. కొండ మీద ఎర్ర ఇటుక భవనాలు. దూరం నుంచి మగపిల్లలు కలిసి పాడుతున్న పాట.]

1940 డిసెంబర్ 18. లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్న రోజులు. ఆ రోజు ఇంగ్లండ్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ పని పక్కన పెట్టి, చిన్నప్పుడు చదువుకున్న హారో స్కూలుకి వెళ్లారు. పిల్లల మధ్య కూర్చుని పాత స్కూలు పాటలు పాడారు. వాటిలో చాలా పాటలు ఆయనకి కంఠతా వచ్చు.

[తెర మీద: పాట ఆగిపోతుంది. ఇనుప తలుపు మూసిన చప్పుడు.]

అదే రోజు, అదే స్కూల్లో అవే పాటలు నేర్చుకున్న ఇంకో మనిషి మన దేశంలో జైల్లో ఉన్నారు. అంతకు ఆరు వారాల ముందే గోరఖ్‌పూర్‌లో విచారించి నాలుగేళ్ల కఠిన శిక్ష వేశారు. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ.

ఇద్దరిదీ హారో స్కూలే అని మీరు విని ఉంటారు. ఇద్దరూ ఆ స్కూల్లో ఒకే బోర్డింగ్ హౌస్ పిల్లలు కూడా. ఆ హౌస్ పేరు "ది హెడ్ మాస్టర్స్". ఈ వీడియో ఆ ఇంటి గురించే.

[తెర మీద: లండన్ మ్యాప్. వాయవ్య మూలన ఒక చుక్క.]

హారో స్కూలుకి 1572లో మొదటి ఎలిజబెత్ రాణి అనుమతి పత్రం ఇచ్చింది. పెట్టింది జాన్ లయన్ అనే స్థానిక రైతు. ఇప్పుడు అక్కడ ఎనిమిది వందలకి పైగా మగపిల్లలు చదువుతున్నారు. అందరూ అక్కడే ఉండి చదవాలి, ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు ఉండరు. పన్నెండు హౌసులు. చేరిన రోజు ఏ హౌస్ ఇస్తే మామూలుగా వెళ్లిపోయేదాకా అదే. హౌస్ మాస్టర్ కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే కాపురం ఉంటాడు. ఆటల పోటీలు హౌసుల మధ్య, స్నేహాలు హౌస్ లోపల. అరవై ఏళ్లు దాటిన ఇద్దరు పూర్వ విద్యార్థులు కలిసినా, హారో అని తెలిశాక అడిగే మాట "ఏ హౌస్?"

మన దగ్గర నవోదయలో చదివినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి... మీ హౌస్ పేరు ఇప్పటికీ గుర్తుంది కదా? ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్ల పద్ధతే అలా మన దాకా వచ్చింది. అది వచ్చిన స్కూళ్ల పేరు ముందు ఉన్నది ఆ జవహర్ పేరే.

ది హెడ్ మాస్టర్స్ అంటే ఒకప్పుడు నిజంగా హెడ్ మాస్టర్ తన దగ్గర పిల్లల్ని ఉంచుకున్న ఇల్లు. 1838లో అది కాలిపోయింది. తర్వాత మళ్లీ కట్టారు.

[తెర మీద: పొడవాటి క్యూ. పిల్లలు ఒక్కొక్కరుగా టోపీ తాకుతూ నడుస్తున్నారు.]

చర్చిల్ 1888లో హారోలో చేరాడు. మొదట ఒక చిన్న హౌస్, తర్వాత ది హెడ్ మాస్టర్స్. అప్పటి హెడ్ మాస్టర్ వెల్డన్. ఈ వెల్డన్ తర్వాత కలకత్తాకి బిషప్‌గా వచ్చాడు.

ప్రవేశ పరీక్షలో లాటిన్ పేపర్ మీద చర్చిల్ పేరు రాశాడు, ఒకటో నంబర్ వేశాడు, దాని చుట్టూ బ్రాకెట్ పెట్టాడు. రెండు గంటల్లో ఇంకేమీ రాయలేదు. పేపర్ మీద కాస్త సిరా మరక మాత్రం పడింది. అయినా వెల్డన్ సీటిచ్చాడు. కానీ క్లాసు మాత్రం అట్టడుగుది. హారోలో హాజరుని "బిల్" అంటారు. పిల్లలు వరసలో నడిచి వెళ్తూ తమ పేరు పిలవగానే పలకాలి. చర్చిల్ తండ్రి లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ అప్పట్లో పేరున్న రాజకీయ నాయకుడు. ఆయన కొడుకుని చూద్దామని వచ్చినవాళ్లు అక్కడ మెట్ల దగ్గర నిలబడేవాళ్లు. వరసంతా అయిపోవచ్చాక ఆఖరున ఈ పిల్లాడు వచ్చేవాడు. "అయ్యో, అందరికన్నా చివర ఇతనే!" అనుకునేవాళ్లట. ఇదంతా చర్చిలే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అదే పిల్లాడు పన్నెండు వందల పంక్తుల పద్యం తప్పు లేకుండా ఒప్పజెప్పి స్కూలంతటికీ ఇచ్చే బహుమతి తీసుకున్నాడు. ఆ కాలం పరీక్షలకి ఆ ప్రతిభని కొలిచే మార్గం తెలియలేదనే నాకనిపిస్తుంది.

ఇంకో సంఘటన చెప్పి తీరాలి. స్కూలుకి "డకర్" అనే పెద్ద ఈత కొలను ఉండేది. చర్చిల్ ఒకరోజు గట్టు మీద నిలబడ్డ ఒక పొట్టి కుర్రాణ్ణి వెనకనుంచి నీళ్లలోకి తోసేశాడు. తీరా చూస్తే అతను పెద్ద క్లాసు విద్యార్థి, ఆటల్లో మొనగాడు. మర్నాడు చర్చిల్ క్షమాపణ అడగబోయి, "మీరు పొట్టిగా ఉంటే చిన్న క్లాసువారనుకున్నాను" అన్నాడు. మాట తేడా కొట్టిందని తెలిసి, "మా నాన్న కూడా పొట్టే, ఆయన గొప్పవాడు" అని కలిపాడు. ఆ పొట్టి కుర్రాడు లియో అమెరీ. అతను పుట్టింది గోరఖ్‌పూర్‌లో, నెహ్రూకి శిక్ష పడిన ఆ గోరఖ్‌పూర్‌లోనే. పేరు గుర్తుంచుకోండి.

[తెర మీద: 1905. ఓడ. తర్వాత రైలు.]

1905లో మోతీలాల్ నెహ్రూ కుటుంబంతో ఇంగ్లండ్ వచ్చి పదిహేనేళ్ల కొడుకుని హారోలో చేర్చారు. చర్చిల్ ఆ ఇల్లు వదిలి అప్పటికి పదమూడేళ్లు. స్నేహితులు ఈ కొత్త కుర్రాణ్ణి "జో" అని పిలిచేవారు.

ఆ హౌస్‌లో నెహ్రూ ఒక్కడే భారతీయుడు కాదు. బరోడా మహారాజు గాయక్వాడ్ కొడుకుల్లో ఒకరు ఉండేవారు, క్రికెట్ బాగా ఆడతారు కాబట్టి అందరికీ ఇష్టుడు. తర్వాత పంజాబ్‌లోని కపుర్తలా సంస్థానం యువరాజు పరమ్‌జీత్ సింగ్ వచ్చాడు. పాపం, అతనికి ఆ వాతావరణం అస్సలు కుదరలేదు. తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు. కపుర్తలా వస్తే మీ సంగతి చెప్తానని అతను బెదిరించేవాడు, వాళ్లు ఇంకా నవ్వేవాళ్లు. ఒకసారి అతని బంగారు పిడి చేతికర్ర పోయింది. హెడ్ మాస్టర్ రాత్రిపూట గదులన్నీ వెతికించాడు, దొరకలేదు. రెండు మూడు రోజులకి లార్డ్స్ మైదానంలో ఈటన్ స్కూలుతో హారో క్రికెట్ మ్యాచ్ జరిగింది. మ్యాచ్ అవగానే కర్ర అతని గదిలోనే కనిపించింది. ఎవడో షోకుగా లార్డ్స్‌కి పట్టుకెళ్లి తిరిగి పెట్టేశాడన్నమాట. నెహ్రూ దీన్ని సరదాగానే చెప్పారు. నాకు మాత్రం ఆ యువరాజే కళ్ల ముందు మెదులుతాడు. హాస్టల్లో వస్తువు పోయినవాడి బాధ వస్తువు గురించి మాత్రమే కాదు.

[తెర మీద: కిటికీ పక్కన కుర్రాడు, చేతిలో పేపర్.]

నెహ్రూ పేపర్లు విపరీతంగా చదివేవాడు. ఇంగ్లండ్‌లో కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు మాస్టారు క్లాసులో మంత్రుల గురించి అడిగితే, దాదాపు కేబినెట్ అంతటి పేర్లూ చెప్పగలిగింది ఇతనొక్కడే. విమానాలంటే పిచ్చి. త్వరలో వారాంతానికి విమానంలో ఇండియా వచ్చి వెళ్లొచ్చేమో అని తండ్రికి ఉత్తరం రాశాడు. చదువులో బహుమతిగా ఇటలీ విముక్తి కోసం పోరాడిన యోధుడు గారిబాల్డీ మీద పుస్తకం వస్తే, మిగతా భాగాలు కూడా సంపాదించి చదివాడు. ఇండియాలో కూడా అలాంటి పోరాటం జరుగుతున్నట్టు కలలు కన్నాడు. సామ్రాజ్యానికి పాలకుల్ని తయారుచేసే స్కూలు, చేతులారా ఇచ్చిన పుస్తకం అది.

1906, 1907 సంవత్సరాల్లో ఇండియా వార్తలు అతన్ని కలవరపెట్టాయి. బెంగాల్, పంజాబ్, తిలక్, లజపతిరాయ్. ఆ వార్తల గురించి మాట్లాడటానికి హారోలో ఒక్క మనిషి కూడా లేడని ఆయన తర్వాత రాసుకున్నారు. సరిగ్గా ఆ 1907లోనే బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. వందేమాతరం అన్నందుకు అక్కడ విద్యార్థుల్ని కాలేజీ నుంచి పంపేశారు, వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉన్నారు. చదువు పోయినా, వాళ్లకి గొంతు కలిపేవాళ్లు పక్కన ఉన్నారు. కొండ మీద ఆ ఇంట్లో "జో"కి ఆ మాత్రం కూడా లేదు.

అయినా 1907లో వెళ్లిపోయేటప్పుడు కళ్లు చెమర్చాయట. ఇక్కడ నెహ్రూ తనని తాను అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం. నిజంగానే బాధపడ్డానా, లేక హారో సంప్రదాయం, హారో పాటలు బాధపడాలని చెప్తాయి కాబట్టి బాధపడ్డానా? తన కన్నీళ్లని అంత నిజాయితీగా పరీక్షించుకునేవాళ్లు తక్కువ.

[తెర మీద: అహ్మద్‌నగర్ కోట.]

ఇప్పుడు అమెరీ దగ్గరికి వద్దాం. 1940 నుంచి 1945 దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. 1942 ఆగస్టు 9న, క్విట్ ఇండియా తీర్మానం మర్నాడు, నెహ్రూని అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. ప్రధాని చర్చిల్, మంత్రి అమెరీ, ఖైదీ నెహ్రూ. ముగ్గురూ హారో. ఆ కోటలో నెహ్రూతో పాటు ఉన్నవాళ్లలో మన పట్టాభి సీతారామయ్య ఒకరు. విడుదలయ్యేనాటికి, 1945 జూన్ 15కి, నెహ్రూ 1,041 రోజులు నిర్బంధంలో గడిపారు.

1943లో బెంగాల్ కరువు. ధాన్యం ఓడలు పంపమని అమెరీ మళ్లీ మళ్లీ అడిగారు. లండన్ కేబినెట్ ఇచ్చింది చాలా తక్కువ. ఇండియా విషయంలో చర్చిల్ మాటలు భరించలేక, ఆయన ధోరణికీ హిట్లర్ ధోరణికీ పెద్ద తేడా కనిపించడం లేదని అమెరీ ఆయన ముఖం మీదే అన్నారు. ఒకే స్కూలు, ఒకే పాటలు కాబట్టి లోపల మెత్తదనం ఉంటుందని మనం ఆశిస్తాం. లక్షల ప్రాణాల దగ్గర ఆ మెత్తదనం పనికి రాలేదు. ఈ మాట చెప్పకుండా హారో కథని ముచ్చటగా చెప్పడం నాకు సమ్మతం కాదు.

[తెర మీద: 1950ల లండన్.]

స్వాతంత్ర్యం వచ్చాక ఇద్దరూ ప్రధానులుగా ఎదురుపడ్డారు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి నెహ్రూ లండన్ వెళ్లారు. 1955లో చర్చిల్ ఆయనకి ఉత్తరం రాస్తూ, "ఆసియా జ్యోతి" అన్న మాటని మనసులో పెట్టుకోమన్నారు. నెహ్రూకి మొత్తం మీద తొమ్మిదేళ్ల జైలు గడిచిన తర్వాత వచ్చిన మాట అది. ఆ ఉత్తరం గురించి చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ప్రధాని నెహ్రూ కాదు. 1907లో, అదే ఇంట్లో, చేతిలో పేపర్ పట్టుకుని, మాట్లాడటానికి ఎవరూ లేక కిటికీ దగ్గర కూర్చున్న కుర్రాడు.