మిఠాయి పొట్లం తిప్పి చూడండి

అస్సలాము అలైకుం. అమ్మలూ, అక్కలూ, చెల్లెళ్లూ, వెనక నిలబడ్డ పిల్లలూ, అందరికీ సలాం. రంజాన్ ముందు రావులపాలెం వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. పండక్కి మన ఇంటికొచ్చే మిఠాయిల్లో మనం తినదగ్గది (హలాల్) ఏది, కానిది (హరాం) ఏది, అదెలా తెలుసుకోవాలి అన్నదే మాట్లాడతాను. నేను ఆలిమాను, అంటే మతశాస్త్రం చదివినదాన్ని కాను, హైస్కూల్లో సైన్సు చెప్పే టీచర్ని. ఫత్వా, అంటే మతపరమైన తీర్పు ఇవ్వను. పొట్లం మీద రాసింది చదవడం మాత్రం నేర్పగలను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. కొన్నేళ్ల కిందట దీపావళికి మా పక్కింటి వదినగారు ఒక స్వీట్ డబ్బా పంపారు. ఆ రోజే నా ఫోన్‌కి ఒక జాబితా వచ్చింది. వరసగా నంబర్లు, కింద ‘ఇవన్నీ పంది కొవ్వుతో చేసినవి, అందరికీ పంపండి’ అని. డబ్బా వెనక చూస్తే అందులో రెండు నంబర్లు కనిపించాయి. గుండె ఝల్లుమంది. పిల్లల చేతుల్లోంచి లాక్కుని డబ్బాకి డబ్బా చెత్తబుట్టలో వేశాను. పొద్దున్న చెత్త బండి దగ్గర వదినగారు అది చూశారు. ఒక్క మాట అనలేదు. కానీ ఆ సంక్రాంతికి మా ఇంటికి అరిసెలు రాలేదు.

తర్వాత ఒక రాత్రి ఆ జాబితా ముందేసుకుని కూర్చున్నాను. మొదటి నంబరు 100. అది కర్కుమిన్, మన పసుపులో ఉండే రంగు. ఇంకొంచెం కింద 140. అది క్లోరోఫిల్, ఆకుల్లో ఉండే పత్రహరితం. ఏటా పిల్లలకు నేనే పాఠం చెప్పే పత్రహరితాన్ని పంది కొవ్వు అని నమ్మి, పక్కింటావిడ మనసు కష్టపెట్టాను. ఖురాన్‌లో సూరా హుజురాత్ ఆరో ఆయత్‌లో (వాక్యంలో) ఎవరైనా నమ్మదగని మనిషి వార్త తెస్తే ముందు విచారించుకోండి, తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారు అని ఉంది కదా. అది నాకోసమే దిగినట్టు అనిపించింది ఆ రాత్రి.

అసలు ఆ నంబర్లేంటంటే, ఆహారంలో కలిపే పదార్థాలకు పెట్టిన పేర్లు, అంతే. నంబరు చూసి హరాం అనకూడదు, ఆ పదార్థం దేన్నుంచి వచ్చిందో చూడాలి. 322 లెసిథిన్. ఎక్కువగా సోయా నుంచి తీస్తారు. 406 అగర్, అంటే మన చైనా గ్రాస్, సముద్రపు నాచు. 440 పెక్టిన్, పళ్ల తొక్కల నుంచి వస్తుంది. ఇవి నిశ్చింతగా తినొచ్చు. నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే 471 దగ్గర మాత్రం ఆగాలి. దాన్ని మొక్కల నూనెతోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు. మన దేశంలో తయారైన పొట్లం మీద పచ్చ చుక్క ఉంటే అది మొక్కలదే అయ్యుండాలి, చట్టం అలా ఉంది. విదేశీ పొట్లం అయితే మొక్కల నుంచి అని రాసుందో లేదో చూడాలి, లేకపోతే కంపెనీనే అడగాలి.

ఇక్కడే పచ్చ చుక్క గురించి చెప్పాలి. చాలామంది పచ్చ చుక్క ఉంటే హలాల్ అనుకుంటారు. అది శాకాహారమా కాదా అన్న ప్రశ్నకు జవాబు, మన ప్రశ్నకు సగం జవాబే. పచ్చ చుక్క ఉంటే మాంసం, జంతు కొవ్వు, జెలటిన్ లేనట్టే, కాబట్టి పెద్ద భయం తీరిపోతుంది. కానీ ఆల్కహాల్ గురించి ఆ చుక్క ఏమీ చెప్పదు. రమ్ కలిపిన కేకు శాకాహారమే అవ్వచ్చు. అలాగే మాంసాహారమని చెప్పే బ్రౌన్ రంగు త్రికోణం ఉన్నంత మాత్రాన హరాం కాదు. గుడ్డు వేసినా ఆ గుర్తే పెడతారు, గుడ్డు మనకు హలాల్ కదా. ఇంకొకటుంది. మెరిసే చాక్లెట్ గోళీల మీద పూసే 904 లక్క పురుగు నుంచి వచ్చేదే అయినా, తేనెతో పాటు దాన్ని కూడా చట్టం మాంసాహారం లెక్కలోంచి తీసేసింది. అది తేనెలాంటిదే అని చాలామంది ఉలమాలు, అంటే మత పండితులు, అనుమతిస్తారు. ఎర్ర రంగు కోసం ఎండబెట్టిన పురుగుల నుంచి తీసే 120 అలా కాదు, హనఫీ ధర్మశాఖ ఉలమాల్లో చాలామంది దాన్ని ఒప్పుకోరు. విదేశీ ఎర్ర చాక్లెట్లలో ఆ నంబరు వెతకండి.

అన్నిటికన్నా పెద్ద సంగతి జెలటిన్. పిల్లలు అడిగే సాగే జెల్లీలు, మార్ష్‌మాలోలు, బేకరీలో చల్లగా పెట్టే మూస్‌లు, కొన్ని చీజ్ కేకులు, వీటిలో చాలావాటికి ఆ మెత్తదనం దాని వల్లే వస్తుంది. జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీస్తారు. యూరప్‌లో ఎక్కువగా పంది చర్మంతో. మన దేశంలో ఎక్కువగా పశువుల ఎముకలతో, అయితే ఆ పశువు జబహ్ అయిందో లేదో, అంటే మన పద్ధతిలో కోశారో లేదో, పొట్లం చెప్పదు. జెలటిన్‌గా మారాక దాని స్వభావమే మారిపోతుందని కొందరు ఉలమాలు అంటారు, మారదని ఎక్కువమంది అంటారు. నా మట్టుకు నేను, హలాల్ అని రాసి ఉంటే తప్ప కొనను. చైనా గ్రాస్‌తో ఇంట్లోనే జెల్లీ చేసి పెడితే పిల్లలు తేడా కూడా చూడరు.

మన కోనసీమలో ఏ వీధిలో చూసినా గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఉంటారు. కువైట్ నుంచి వచ్చిన సూట్‌కేసులో చాక్లెట్లకు అంత కంగారు పడక్కర్లేదు, అక్కడ పంది పదార్థాల దిగుమతికే అనుమతి లేదు. జర్మనీ నుంచో ఇంగ్లండ్ నుంచో మేనల్లుడు తెచ్చినవి చూడాలి. హరిబో జెల్లీ ఎలుగుబంట్లు మీకందరికీ తెలుసు. జర్మనీలో చేసే వాటిలో పంది జెలటిన్ ఉంటుంది. అదే కంపెనీ టర్కీలో చేసే వాటిలో హలాల్ పశువు జెలటిన్ వాడతారు. అదే బొమ్మ, అదే పేరు. తేడా అంతా వెనక చిన్న అక్షరాల్లో, ఎక్కడ తయారైంది అన్న చోట ఉంటుంది. అందుకే తిప్పి చూడమంటున్నాను.

ఇక మన ఊళ్ల మిఠాయిలు. వీటి గురించి మాట్లాడాలంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. పూతరేకుల ఆత్రేయపురం ఇక్కడికి దగ్గరే కదా, పోయిన నెల వెళ్లి అవి చేసే ఒక ఇంట్లో గంటసేపు కూర్చున్నాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. ఆవిడ పల్చటి గుడ్డని పాలలా జారే బియ్యప్పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగింది. కళ్లు మూసి తెరిచేలోపు తెల్లటి రేకు అంచు లేచింది, అరచేత్తో ఒలిచి పక్కన పెట్టింది. వెలుతురుకి పెడితే వేళ్లు కనిపిస్తున్నాయి. ఆ రేకుల్లో నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం, జీడిపప్పు, అంతే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను అడిగింది ఒక్కటే, “నెయ్యి ఎక్కడ తెస్తారమ్మా?” అని. ఆవిడ నొచ్చుకోలేదు. డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. తాపేశ్వరం మడత కాజా అయినా, కాకినాడ గొట్టం కాజా అయినా మైదా, నూనె, పాకం, ఇంతే. కళ్ల ముందు చేసేదాన్ని తెలుసుకోవడం ఎంత తేలికో చూడండి.

వెండి రేకు అద్దిన కాజూ బర్ఫీ మీద అనుమానం న్యాయమైనదే. పూర్వం వెండిని పశువుల పేగుల పొరల మధ్య పెట్టి సాగగొట్టేవారు. 2016లో ఆహార భద్రత సంస్థ దానికి నిబంధన తెచ్చింది, తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైనది ఉండకూడదని. విడిగా అమ్మే చోట రేకుల పొట్లం చూపించమనండి. బేకరీలో కేకు కొంటే, పిండి బాగా పొంగడానికి కలిపే కేక్ జెల్ డబ్బా మీద పచ్చ చుక్క ఉందా, చికెన్ పఫ్‌లు కాల్చిన ట్రేలోనే ఇవీ కాల్చారా అని అడగండి. రాజమండ్రి రోజ్ మిల్క్‌లాంటి వాటికి ఎసెన్స్ దేంట్లో కలిపారన్నది ప్రశ్న. ప్రొపిలీన్ గ్లైకాల్ అయితే అది సారాయి కాదు. ఆల్కహాల్ అయితే మీ మౌలానాగారిని అడగండి.

మలేషియాలో 2014లో జరిగింది గుర్తుపెట్టుకోండి. రెండు క్యాడ్‌బరీ చాక్లెట్లలో పంది డీఎన్ఏ జాడలున్నాయని మే నెలలో అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. దేశమంతా అట్టుడికింది. తర్వాత అక్కడి ఇస్లామీ వ్యవహారాల శాఖ ఫ్యాక్టరీ నుంచి నమూనాలు తీసి మళ్లీ పరీక్ష చేయించింది, అందులో ఏమీ దొరకలేదు. ల్యాబుల్లోనే అలా ఉంటే, ఫోన్‌లో వచ్చిన జాబితాకి విలువెంత?

ప్రసాదం సంగతి వేరు. దేవుడి ముందు నైవేద్యం పెట్టింది మనం తినం, ఈ విషయం మన ఊళ్లలో అందరికీ తెలుసు. అందుకే “ఇది నైవేద్యానికి ముందే విడిగా తీశానమ్మా” అని చెప్పి ఇచ్చేవాళ్లు ఎంతమంది లేరు! మనం షీర్ ఖుర్మా పంపినప్పుడు పక్కింటివాళ్లు “గిన్నె వేరేనా?” అని అడిగితే నొచ్చుకుంటామా? వేరేనండీ అని చెప్తాం. అడగడంలో అవమానం లేదు. అడక్కుండా పారేయడంలో ఉంది.

తర్వాతి ఏడు నేనే వదినగారి గుమ్మం ఎక్కి, డబ్బా ఎందుకు పారేశానో చెప్పి క్షమించమన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అప్పుడే అడగొచ్చు కదమ్మా” అన్నారు. ఇప్పుడు స్వీట్ డబ్బా కొంటే ఆవిడే వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని చదివి, ఫలానా నంబరు ఉంది, ఏమిటది అని ఫోన్ చేస్తారు.

మీలో చాలామంది ఇంట్లో ఉన్న పొట్లాలు తెచ్చారని చూస్తున్నాను. ఇలా ఈ బల్ల మీద పెట్టండి. పిల్లలూ, మీ కళ్లు చురుగ్గా ఉంటాయి, ముందుకు రండి. ఆ ఆకుపచ్చ కవరు ఎవరిది? దాంతో మొదలుపెడదాం.