రాత్రిపూట పళ్ల సెట్టు తీసి పడుకోండి

శ్రోతలకు నమస్కారం. షుగరు ఉన్నవాళ్లకు కళ్లు జాగ్రత్త, కాళ్లు జాగ్రత్త అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకసారి నోరు తెరవండి, చూద్దాం అనేవాళ్లే తక్కువ. పళ్ల డాక్టరుగా నాకు ఆ కినుక ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఈ కాస్త సమయం నోటికే ఇస్తాను.

డెబ్బై దాటిన ఒక పెద్దాయన వచ్చారు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. పై పళ్లన్నీ పోయి కట్టుడు పళ్ల సెట్టు వాడుతున్నారు. నోరు మండుతోందనీ, ఏం తిన్నా రుచి తెలియడం లేదనీ చెప్పారు. చూస్తే పెదవుల మూలల్లో చీలికలు, నాలుక మీదా బుగ్గల లోపలా విరిగిన పాల తరకల్లా తెల్లని మచ్చలు. గాజుగుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడివచ్చాయి. కింద చర్మం ఎర్రగా, పచ్చిగా ఉంది. మొదట్లో మామూలు నోటిపూత అనుకుని విటమిన్ మాత్రలు మింగారట. తర్వాత ఎవరో డాక్టరు ఫంగస్‌కు నిస్టాటిన్ రాసిచ్చారు. వాడితే తగ్గింది, మానేస్తే వచ్చింది. మళ్లీ వాడితే తగ్గింది, మళ్లీ వచ్చింది.

"సెట్టు ఒకసారి తీయండి" అన్నాను. ఆయన మొహమాటపడుతూనే తీశారు. అంగిలి మీద సెట్టు ఎంతమేర ఆనుతుందో సరిగ్గా అంతమేరా ఎరుపు, గీత గీసినట్టుగా! నొప్పి మాత్రం లేదు. అక్కడ చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ఎవరి దృష్టీ అటు పోదు. ఇంతకీ మందు ఎలా వాడారని అడిగితే అసలు సంగతి బయటపడింది. సెట్టు నోట్లో ఉండగానే మందు పుక్కిలించేవారట. ఇక అది అంగిలికి తగిలేదెలా? రాత్రిళ్లు కూడా సెట్టు తీయరు. "బోసినోటితో ఇంట్లోవాళ్ల కంట పడటం నాకిష్టం లేదు డాక్టరుగారూ" అన్నారు. ఆ మాటకు నవ్వాలనిపించలేదు నాకు. మనిషికి ఏ వయసులోనైనా ముఖం ముఖమే కదా. లైటు తీశాక తీసి, అందరూ లేవకముందే పెట్టుకునేలా ఇద్దరం ఒప్పందానికి వచ్చాం.

ఈ ఫంగస్ పేరు కాండిడా. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది నోళ్లలోనూ ఏ హానీ చేయకుండా ఉంటుంది. రక్తంలో చక్కెర పెరిగితే లాలాజలంలోనూ పెరిగి దానికి మేత దొరుకుతుంది. పైగా నోరు ఎండుతుంది, కాపలా కాసే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. సెట్టు గరుకుల్లో ఫంగస్ పొరలా అతుక్కుని ఉంటే, నోట్లో తగ్గినా సెట్టే మళ్లీ అంటిస్తుంది. షుగరు అదుపులోకి రాకపోతే మందు ఒక్కటే ఎంతకని పనిచేస్తుంది?

కాబట్టి రాత్రి సెట్టు తీయాలి. మళ్లీ చెబుతున్నాను, రాత్రి సెట్టు తీయాలి. మెత్తని బ్రష్షుతో, సబ్బుతో అన్ని వైపులా తోమాలి. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. వేడినీళ్లు వద్దు, సెట్టు వంకరపోతుంది. తెల్లవార్లూ మామూలు నీళ్లలో ఉంచాలి. పుక్కిలించే మందయితే సెట్టు తీశాకే నోట్లో పోసుకుని, మింగేముందు వీలైనంతసేపు అన్ని మూలలకూ తిప్పాలి. మచ్చలు పోయాయని మధ్యలో మానకూడదు. పెద్దాయన ఇవన్నీ పాటించారు, తన డాక్టరు దగ్గర షుగరు మందులూ సరిచేయించుకున్నారు. తర్వాత వచ్చినప్పుడు అడగకముందే సెట్టు తీసి చూపించారు. అంగిలి మామూలు రంగుకు వచ్చింది.

ఇంకొక్క విషయం. ఇందుకు ఫ్లుకొనజోల్ మాత్రలు రాస్తే, మీరు వాడే షుగరు మాత్రల పేర్లు తప్పకుండా చెప్పండి. గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ లాంటివాటితో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు ఇదే ఫంగస్‌కు నోట్లో రాసే మైకొనజోల్ జెల్‌ను సొంతంగా కొని రాసుకోవద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లు పీల్చిన ప్రతిసారీ నోరు కడిగి ఉమ్మేయాలి. తుడిచినా ఊడిరాని తెల్లమచ్చ వేరే జబ్బు కావచ్చు. అది రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టరుకు చూపించండి. మింగుతుంటే గొంతులో, ఛాతీలో నొప్పి వస్తే మాత్రం అన్నాళ్లు ఆగవద్దు, వెంటనే వెళ్లండి. నమస్కారం.