బంగారు కణం మీది పూతకు రేడియేషన్ ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

క్యాన్సర్ గడ్డలోకి బంగారు నానో కణాలను పంపి, ఆపైన ఎక్స్‌ కిరణాలు ఇస్తే చికిత్స బలం పెరుగుతుందని మీలో చాలామంది వినే ఉంటారు. 2004లో వెలువడిన ఒక ప్రయోగంలో ఎక్స్‌ కిరణాలు మాత్రమే ఇచ్చిన ఎలుకల్లో ఏడాది తర్వాత 20 శాతం బతికి ఉంటే, 1.9 నానోమీటర్ల బంగారు కణాలు కూడా ఎక్కించిన వాటిలో 86 శాతం బతికాయి. అప్పటి నుంచి అందరి చూపూ బంగారం మీదే. నేను మాత్రం ఇవాళ దాని మీది పూత గురించి మాట్లాడతాను.

పూత లేకపోతే ఈ కణాలు రక్తంలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. ప్రోటీన్లు వాటిని కమ్మేస్తాయి, కాలేయం, ప్లీహం వాటిని ఏరేస్తాయి. అందుకే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) లాంటి పాలిమర్ గొలుసులను, అంటే పొడవాటి అణువులను, గంధకం సాయంతో బంగారానికి అతికిస్తారు.

ఇక్కడే చిక్కు. ఎక్స్‌ కిరణం తగిలిన బంగారం ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. వాటిలో తక్కువ శక్తి ఉన్నవి కొన్ని నానోమీటర్లలోనే ఆగిపోతాయి. అంటే మొదటి దెబ్బ పూతకే. ఆ ఎలక్ట్రాన్లు, చుట్టూ ఉన్న నీటిలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణు ముక్కలు) క్యాన్సర్ కణాన్ని చేరకముందే కొంతమేర పూతలో ఖర్చయిపోతాయి. పూత మందమైతే రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కానీ దెబ్బ బలం తగ్గుతుంది. రెండూ పూర్తిగా దక్కవు, ఎక్కడ రాజీపడాలో ప్రయోగాలే చెప్పాలి.

రాడికల్స్ పాలిమర్ గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తాయి. ఆక్సిజన్ ఉంటే అక్కడ గొలుసు తెగే అవకాశం ఎక్కువ, లేకపోతే గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. గడ్డ లోపలి భాగంలో తరచూ ఆక్సిజన్ తక్కువ కాబట్టి, ఒకే గడ్డలో అంచున ఒకలా, నడుమ ఇంకోలా పూత మారవచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే.

చికిత్సలో సాధారణంగా ఒక విడతకు ఇచ్చేది సుమారు 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం). కానీ వైద్య సామగ్రిలో సూక్ష్మక్రిములు లేకుండా గామా కిరణాలతో శుద్ధి చేసేటప్పుడు మామూలుగా 25,000 గ్రే వాడతారు. అంటే ఈ కణాలనూ అలాగే శుద్ధి చేస్తే, రోగిని చేరకముందే పూత దెబ్బతినే ప్రమాదం ఉంది! చిన్న బంగారు కణాల ద్రావణం ఎర్రగా ఉంటుంది, కణాలు గుమిగూడితే ఊదాలోకి తిరుగుతుంది. అయితే రంగు మారలేదని నిశ్చింతగా ఉండకండి. పూత పలచబడినా కణాలు ఇంకా విడివిడిగానే ఉండొచ్చు. రేడియేషన్ తర్వాత కణం పరిమాణం, ఉపరితల విద్యుదావేశం, ప్రోటీన్లు అంటుకునే తీరు మళ్లీ కొలవాల్సిందే.

చిన్న కణాలకైతే గామా కిరణాల జోలికి పోకుండా 0.22 మైక్రాన్ల వడపోత వాడొచ్చు. బ్యాక్టీరియా అక్కడే ఆగిపోతుంది, పూత చెక్కుచెదరకుండా కణాలు కిందికి దిగుతాయి.