అచ్చులో పుట్టిన తప్పు, తర్వాత తగిలిన దెబ్బ

అందరికీ నమస్కారం అండి. పొద్దున్నుంచి ఈ టేబుల్ దగ్గరికి చాలామంది డబ్బాలు, కవర్లు పట్టుకొని వచ్చారు, అందరూ అడిగింది ఒకటే, "సార్ ఇది ఎర్రర్ కాయినేనా, ఎంతొస్తది" అని. ఎర్రర్ కాయిన్ అంటే టంకశాలలో తయారయ్యేటప్పుడే తప్పు పడిన నాణెం. రేటు సంగతి నేను మాట్లాడను. నిజంగా ఎర్రరా కాదా అనేది మాత్రం ఇంటికెళ్లి మీరే చూసుకునేలా చెప్తా, ఎందుకంటే దీని పేరు చెప్పి ఆన్‌లైన్లో చాలా మోసం జరుగుతోంది, 2021లో రిజర్వ్ బ్యాంక్ కూడా పాత నాణేల కొనుగోలు పేరుతో తమ పేరు వాడి మోసం చేస్తున్నారు జాగ్రత్త అని చెప్పాల్సి వచ్చింది.

నాణెం వింతగా ఉందా అని చూడకండి, వింతగా చాలా ఉంటాయి. టంకశాలలో ఏ మెషిన్ దగ్గర ఇలా అయ్యుంటుంది అని అడగండి. దానికి జవాబు దొరకలేదంటే బయట ఎవరో కొట్టిందో, కాల్చిందో, అరగదీసిందో అయ్యుంటుంది.

మరి లోపల ఏం జరుగుతుందో తెలియాలి కదా. లోహం పట్టీ లోంచి ముందు గుండ్రటి బిళ్లలు కట్ చేస్తారు, ఆ బిళ్ల అంచుని ఇంకో మెషిన్లో చుట్టూ నొక్కి కొంచెం పైకి లేపుతారు, తర్వాత కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు, చివర్లో కాలర్ అనే రింగులో పెట్టి పైనొక అచ్చు కిందొక అచ్చుతో గట్టిగా ఒక దెబ్బ. అంతే. ఎర్రర్ ఏదైనా ఈ వరసలో ఎక్కడో ఒకచోట పుట్టాల్సిందే. అన్నట్టు, సంవత్సరం కింద చుక్క ఉంది ఇది ఎర్రరా అని ఇందాక ఇద్దరు అడిగారు, కాదండి, అది నోయిడా టంకశాల గుర్తు, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌ది, డైమండ్ ముంబైది, ఏమీ లేకపోతే కోల్‌కతాది.

ఇప్పుడు క్లిప్ సంగతి, అంచున నెలవంక ఆకారంలో ముక్క లేని నాణెం. పట్టీ సరిగ్గా ముందుకి జరగకపోతే బిళ్లలు కట్ చేసే పంచ్ వచ్చి ఇంతకుముందు కట్ చేసిన గుంత మీద కొంచెం పడుతుంది, ఆ బిళ్లకి అక్కడ ముక్క ఉండదు. ఇదే పనిని ఇంట్లో ఆకురాయితోనో గ్రైండర్‌తోనో చేసి అమ్మేవాళ్లున్నారు. తేడా పట్టుకోవడానికి ముక్క పోయిన చోటు కాదు చూడాల్సింది, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచుని చూడండి. అంచు లేపే మెషిన్ బిళ్లని రెండు పక్కలనుంచి నొక్కుతుంది, ఒక పక్క లోహమే లేనప్పుడు ఎదుటి పక్క కూడా ఒత్తిడి సరిగ్గా పడదు, అందుకని అక్కడ రిమ్ బక్కగా, చదునుగా ఉంటుంది, దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ప్రతి క్లిప్‌లోనూ స్పష్టంగా కనపడదు కానీ కనపడితే మాత్రం పెద్ద సాక్ష్యం. ఇంకోటి, క్లిప్ పక్కన ఉన్న అక్షరాలు ఆ ఖాళీ వైపు కొంచెం సాగినట్టు, నీరసపడినట్టు ఉంటాయి, ఎందుకంటే దెబ్బ పడినప్పుడు లోహం అటు జారింది. అరగదీసిన దాంట్లో అక్షరం నిండుగా ఉండి కత్తితో కోసినట్టు టక్కున ఆగిపోతుంది.

నేను మోసపోయింది బ్రాకేజ్ దగ్గర, అంటే ఒక నాణెం బొమ్మ ఇంకోదాని మీద తిరగబడి లోపలికి దిగిన ఎర్రర్. కొత్తగా కలెక్షన్ మొదలెట్టిన రోజుల్లో ఒకాయన దగ్గర 5 రూపాయల నాణెం కొన్నా, ఆ 9 గ్రాముల మందపాటిది, సింహాల వైపు 5 అంకె తిరగేసి, లోపలికి దిగి ఉంది. ఆ నెల జీతంలోంచి తీసి ఇచ్చా. చాలా రోజులు అందరికీ చూపించా కూడా. తర్వాత ఒక పెద్దాయన లెన్స్ పెట్టి చూసి ఒక్కటే అడిగారు, "బాబూ, మరి సింహాలు ఇంకా ఎందుకున్నాయి" అని. చాలా బాధేసింది కానీ ఆ ప్రశ్నతో నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు.

చూడండి, అసలు బ్రాకేజ్ ఎట్లా వస్తుందంటే కొట్టిన నాణెం అచ్చుకి అతుక్కుని ఉండిపోతుంది, తర్వాతి బిళ్ల వచ్చి దాని కింద పడుతుంది, అప్పుడు ఆ వైపు అచ్చు బదులు ఆ నాణెం ముఖం తగిలి, బొమ్మ తిరగబడి లోపలికి దిగుతుంది. అంటే లోపలికి దిగిన 5 ఒక వైపు ఉంటే రెండో వైపు మామూలు 5 ఉండాలి, సింహాలు అసలు ఏ వైపూ ఉండకూడదు, వాటి అచ్చు ఈ బిళ్లని తాకనే లేదు కదా. నాది బెంచ్ వైస్‌లో రెండు నాణేలు కలిపి బిగించి నొక్కింది. పూర్తిగా తయారైన నాణెం మీద ఇంకోటి గుద్దింది కాబట్టి సింహాలు చదునైపోయి, వాటి మీద 5 గుంత పడింది.

సుత్తితో కొట్టి పెద్దది చేసినవి, రైలు పట్టాల మీద పెట్టినవి కూడా వస్తాయి. కాలర్ లేకుండా కొట్టిన అసలు నాణెం కూడా వెడల్పుగానే ఉంటుంది, కానీ అక్షరాలు చక్కగా తేటగా ఉంటాయి, సుత్తిది అక్షరాలు నలిగి పరుచుకుపోతాయి. ఇక గీతలు: పైకి లేచిన గీత అచ్చు పగులు వల్ల రావచ్చు, లోపలికి దిగిన గీత ఎక్కువసార్లు గీరిందే, గీరిన చోట పక్కన లోహం ఒడ్డులా లేస్తుంది. దెబ్బ పడేటప్పుడు మధ్యలో తీగో దారమో ఇరుక్కున్నా లోపలికే దిగుతుంది, కానీ దానికి ఆ ఒడ్డు ఉండదు.

10 రూపాయల నాణెం మధ్య బిళ్ల లేకుండా ఒట్టి రింగు తెచ్చినవాళ్లకి ఒక మాట. రింగు, మధ్య బిళ్ల ఒకే దెబ్బతో కలుస్తాయి. బిళ్ల లేకుండానే దెబ్బ పడి ఉంటే రింగు లోహం లోపలి ఖాళీ వైపు ఉబ్బి నున్నగా ఉంటుంది. బిళ్ల ఉండి తర్వాత కొట్టి తీసేస్తే లోపలి గోడ మీద అది కూర్చున్న గుర్తు, రాసుకున్న గీతలు కనపడతాయి.

తూకం మాత్రం తప్పకుండా కొనండి, 0.01 గ్రాము చూపించే చిన్నది. 2011లో వచ్చిన డిజైన్ స్టీలు రూపాయి 3.79 గ్రాములు. అచ్చు పక్కకి పడిన ఆఫ్ సెంటర్ నాణెం బరువు తగ్గదు, బిళ్ల పూర్తిగానే ఉంది కదా. యాసిడ్‌లో ముంచింది సన్నబడి, చర్మం గరుకై బరువు పోతుంది. పోయిన అంకె, అక్షరం విషయంలో కూడా అంతే, అచ్చులో గ్రీజు నిండి రానిదైతే ఆ చోటు చుట్టుపక్కల లాగే నున్నగా ఉంటుంది, గీకేసిందైతే లెన్స్‌లో గీతలు దొరుకుతాయి.

చివరిగా ఈ రెండూ చేతులు మార్చుకుంటూ చూడండి. ఒకటి 1943–47 మధ్య వచ్చిన చిల్లు కాణీ, యుద్ధం రోజుల్లో లోహం ఆదా చెయ్యడానికి టంకశాలే చిల్లుతో చేసింది, చిల్లు చుట్టూ ఆకుల దండ ఎంత పొందిగ్గా తిరిగిందో చూడండి. రెండోది మా నాయనమ్మ మొలతాడులో గుచ్చడానికి చిల్లు పొడిపించిన పావలా, మేకు దిగిన చోట అక్షరం తెగిపోయి వెనక వైపు లోహం లేచి ఉంది, వేలితో తాకితే తెలుస్తుంది. ఎర్రర్ కాదు, రేటు లేదు, నేను అమ్మను. ఇప్పుడు మీ డబ్బాలు తెరవండి, లెన్స్ ఇటు పక్కనే ఉంది.