జైసల్మేర్ ఫస్టు, మనం సెకండు

లావణ్య: అందరికీ నమస్తే. ఇవాళ నా ఎదురుగా కూర్చున్నది మా చిన్నాయన. ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాడు. సర్వీసంతా అనంతపురం జిల్లాలోనే, చెరువు కట్టల మీదే. మొన్న డిసెంబర్లో చిన్నమ్మని వెంటబెట్టుకుని పది రోజులు రాజస్థాన్ ఎడారి తిరిగొచ్చాడు. చిన్నాయనా, రిటైరైనవాళ్ళు కాశీకో రామేశ్వరానికో పోతారు గదా. నీకు ఎడారి ఎందుకు గుర్తొచ్చింది?

చిన్నాయన: చిన్నప్పట్నుంచీ ఒకటే మాట విని విని. దేశంలో వానలు తక్కువ పడేవాటిలో జైసల్మేర్ ఫస్టు, అనంతపురం సెకండు. బళ్ళో అయ్యవారు అదే చెప్పారు. తర్వాత ఆఫీసులో రిపోర్టు రాసినప్పుడల్లా మొదటి పేరాలో నేనూ అదే రాశాను. ముప్పై ఏళ్ళు సెకండ్ వచ్చినోడికి ఆ ఫస్టొచ్చినోణ్ణి ఒక్కసారి చూడాలని ఉండదా?

లావణ్య: (నవ్వుతూ) చూశాక ఏమనిపించింది?

చిన్నాయన: సిగ్గేసింది. మనకి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అక్కడ 200 పడితే మంచి ఏడాది. మధ్యలో అంత తేడా పెట్టుకుని సెకండ్ అని చెప్పుకోవడమేంది! ఆ కాసిని చినుకులతోనే వాళ్ళు 1156 నుంచి ఊరు నిలబెట్టుకున్నారు. ఎట్లా అన్నది చూద్దామనే నా తిరుగుడంతా. మీ చిన్నమ్మ గుడి లోపల దణ్ణం పెట్టుకుంటుంటే నేను గుడి వెనక బావి ఎక్కడుందా అని వెతికేవాణ్ణి.

లావణ్య: చిన్నమ్మ చెప్పింది ఆ సంగతి, వేరే భాషలో. సరే, రూట్ చెప్పు ముందు.

చిన్నాయన: జోధ్‌పూర్ దాకా విమానం. అక్కడ డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు, జైసల్మేర్ నుంచి బికనీర్ 330, బికనీర్ నుంచి మళ్ళీ జోధ్‌పూర్ 250. ముక్కోణం. రోడ్లు బాగున్నాయి, అద్దంలా. మధ్యలో ఆవులు కూర్చునుంటాయి, అంతే. పగలు మాత్రమే నడపాలని డ్రైవర్ పట్టుబట్టాడు. చీకట్లో ఒంటె రోడ్డు దాటితే హెడ్‌లైట్‌కి కాళ్ళే కనిపిస్తాయంట.

లావణ్య: జోధ్‌పూర్ కోట పెద్దది గదా, మెహ్రాన్‌గఢ్?

చిన్నాయన: కింద నిలబడి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలీదు. 1459లో రావ్ జోధా మండోర్ నుంచి రాజధాని మార్చి కట్టాడు. దానికి ఒక కథ ఉంది. ఆ కొండ మీద చీడియానాథ్‌జీ అని ఒక సాధువు ఉండేవాడంట, పక్షులకి గింజలు వేసుకుంటూ. కోట కోసం ఆయన్ని కదిలించేసరికి కోపమొచ్చి, నీ కోటకి నీళ్ళు కరువైపోను అని శపించాడంట. గమనించావా? మన కథల్లో ముని కోపమొస్తే రాయి అయిపోమంటాడు, రాక్షసుడివి అయిపోమంటాడు. అక్కడ శాపం కూడా నీళ్ళ గురించే.

లావణ్య: ఇంజనీరుకి తగిన శాపం.

చిన్నాయన: ఆ శాపం పోవాలని రాజారామ్ మేఘ్వాల్ అనే మనిషిని పునాదిలో బతికుండగానే పూడ్చారు. కోటలో ఆయన పేరుతో రాయి ఉంది. అందరూ ఫిరంగుల దగ్గర ఫోటోలు దిగి పోతారు. దీని ముందు కాసేపు ఆగమని చెప్తాను నేను.

ఇంకొకటి. ఊరికి అటు చివర ఉమైద్ భవన్ ప్యాలెస్ ఉంది గదా, ఇప్పుడు సగం హోటల్. అది కరువు పని, తెలుసా?

లావణ్య: కరువు పనా? ప్యాలెసా?

చిన్నాయన: ఆ. వరసగా కరువులొస్తే జనానికి కూలి దొరకాలని 1929లో మొదలుపెట్టి 1943 దాకా కట్టించారు. మన దగ్గర కరువు పనంటే ఏమిటి? చెరువులో పూడిక తీయడం, రోడ్డు పక్కన కంకర కొట్టడం. అక్కడ మూడొందల పైచిలుకు గదుల ప్యాలెస్. వేల మంది తిన్నారు, కాదనను. కానీ మస్టర్ రోల్ రాసినవాణ్ణి, నాకు అదే లెక్క తిరిగింది మనసులో. ఆ చాకిరీతో ఎన్ని చెరువులు తవ్వచ్చు!

లావణ్య: తర్వాత ఎడారి రోడ్డు.

చిన్నాయన: దారిలో ఓసియాఁ. ఎనిమిదో శతాబ్దం నాటి గుళ్ళు, ఒక జైన ఆలయం, మెట్లెక్కితే సచియా మాత గుడి. ఒక గంట చాలు అనుకుని పోయి మూడు గంటలున్నాం. అక్కణ్ణుంచి ఫలోదీ. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. మేం పోయినప్పుడు మాత్రం స్వెట్టర్లు వేసుకున్నాం. ఆ పక్కనే ఖీచన్ అని పల్లె. చలికాలం ఎక్కడెక్కడి నుంచో కొంగలు దిగుతాయి, కుర్జాఁ అంటారు వాళ్ళు. వేలల్లో. ఊరివాళ్ళు గింజలు చల్లుతారు, అవి మేస్తాయి. ఆ అరుపులకి పక్కన మనిషి మాట వినపడదు.

రోడ్డు మీద నాకు నచ్చింది ప్యావూలు. చలివేంద్రాలనుకో. మన దగ్గర ఎండాకాలం పెట్టి ఫ్లెక్సీ కడతారు. అక్కడ చలికాలంలో కూడా ఉన్నాయి, కుండలతో.

లావణ్య: పోఖ్రాన్ కూడా ఆ దారే గదా?

చిన్నాయన: ఆ దారే. 1974లో, 1998లో బాంబులు పేల్చిన చోటు మాత్రం ఆర్మీ రేంజిలో ఉంది, చూడనివ్వరు. ఊళ్ళో టీ తాగి కదిలాం. దానికి ముందే రామ్‌దేవ్‌రా, రామ్‌దేవ్ బాబా సమాధి ఉన్న ఊరు. యోగా బాబా కాదు, వందల ఏళ్ళ కిందటి ఆయన. హిందువులు దేవుడంటారు, ముస్లింలు పీర్ అంటారు. గుడ్డతో కుట్టిన గుర్రాలు మొక్కు చెల్లిస్తారు. మన కదిరి, పెనుకొండ వైపు జనానికి అదేమీ కొత్తగా ఉండదు. పీర్ల పండగ చేసుకునేవాళ్ళమే గదా.

లావణ్య: సరే, ఇప్పుడు అసలు సంగతి. జైసల్మేర్ హోటల్లో గొడవ పడ్డావంట?

చిన్నాయన: గొడవ కాదు. అది చెప్పాలంటే ముందు కోట సంగతి చెప్పాలి. నలభై కిలోమీటర్లు ఏమీ ఉండదు, ముళ్ళ చెట్లు, గాలిమరలు. ఉన్నట్టుండి త్రికూట కొండ మీద పసుపు ముద్ద పెట్టినట్టు కోట. 99 బురుజులు. ఇది ఖాళీ కోట కాదు. గోల్కొండలాగా టికెట్ కొని చూసి వచ్చేసేది కాదు. లోపల జనం కాపురాలున్నారు, బట్టలు ఆరేసుకుంటారు, స్కూటర్లు, పెళ్ళిళ్ళు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో కోట లోపలే గది బుక్ చేశాడు, బురుజు మీద. కిటికీ తీస్తే కింద ఊరంతా. మీ చిన్నమ్మ ఆ కిటికీ దగ్గరే కూర్చుండిపోయింది.

పొద్దున లేచి చూస్తే మంచం తలవైపు గోడకి ఒక చెమ్మ గీత. వెనకాలే బాత్‌రూమ్. ఎక్కడో పైపు కారుతోంది. చెయ్యి పెట్టి రుద్దాను. వేలికి శనగపిండి అంటుకున్నట్టు రాయి రాలింది. అంత మెత్తగా!

లావణ్య: అయ్యో. రాయే?

చిన్నాయన: రాయే. పసుపు ఇసుకరాయి. అక్కడ చాలా గోడల్లో సున్నం వాడలేదు, రాయిలో రాయి దిగేసి కట్టుకుంటూ పోయారు. వానలేని చోట అది బ్రహ్మాండంగా నిలుస్తుంది. పడిన కాస్త వాన నీళ్ళు కోట నుంచి నాలుగు వైపులా కిందకి పోవడానికి ఘుట్ నాలీ అని కాలవలు కట్టారు, చాలా తెలివైన పని. ఎనిమిది వందల ఏళ్ళు ఆ లెక్క సరిపోయింది. ఎందుకంటే లోపల వాడే నీళ్ళు చాలావరకు కింద గడీసర్ చెరువు నుంచి నెత్తిన మోసుకొచ్చినవే. బిందె మోసుకొచ్చిన ఆడమనిషి ఆ బిందెడు నీళ్ళు ఊరికే పారబోస్తుందా? పైపులొచ్చాయి, కుళాయిలొచ్చాయి, నాలాంటోళ్ళకి షవర్లూ ఫ్లష్‌లూ వచ్చాయి. వాడిన నీళ్ళు కొండలోకి ఇంకుతున్నాయి. ఆ కొండ గట్టి గ్రానైటు కాదు, మట్టి పొరల మీద ఇసుకరాయి పొరలు. తడిస్తే అడుగు జారుతుంది. ఇప్పటికే కొన్ని బురుజులు కూలాయి, రాణీ మహల్లో కొంత భాగం కూలితే మళ్ళీ కట్టారు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన రాజస్థాన్ కొండకోటల్లో ఇదొకటి.

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నీళ్ళు లేవని ప్రపంచానికంతా తెలిసిన ఊరు, నీళ్ళు ఎక్కువై కూలుతోంది.

లావణ్య: అప్పుడేం చేశావు?

చిన్నాయన: ఖాళీ చేసి కింద ఊళ్ళో గది తీసుకున్నాను. రెండో రోజు డబ్బు వెనక్కి రాలేదు. మీ చిన్నమ్మ ఆ కిటికీ పోయిందని రెండు రోజులు మాట్లాడలేదు. హోటలాయన ఏమన్నాడో తెలుసా? "సాబ్, మీరొక్కరు దిగిపోతే కోట నిలుస్తుందా?" అన్నాడు. తాతల కాలం నుంచి వాళ్ళ ఇల్లు అది. గదులు అద్దెకివ్వకపోతే తిండెట్లా? నేను చెప్పగలిగింది ఏమీ లేదు. పైపు ఎక్కడ కారుతోందో చూపించి, వాషర్ మార్పించుకోమని చెప్పి వచ్చేశాను.

లావణ్య: (నవ్వుతూ) రిటైరయ్యావు చిన్నాయనా.

చిన్నాయన: అలవాటు పోదు. కోటలో జైన గుళ్ళు మాత్రం తప్పక చూడాలి. పొద్దున పూటే తెరుస్తారు, మధ్యాహ్నానికి మూసేస్తారు. కింద నేలమాళిగలో జ్ఞాన భండార్ ఉంది, వందల ఏళ్ళ తాళపత్రాలు. మన దగ్గర తాటాకు పుస్తకం చెదలు పట్టకుండా రెండు తరాలుంటే గొప్ప. ఆ పొడిగాలి వాటికి మేలు చేసింది.

లావణ్య: ఆ గడీసర్ చెరువులో ఇప్పుడు నీళ్ళున్నాయా?

చిన్నాయన: నిండుగా ఉన్నాయి, పడవలు తిప్పుతున్నారు. ఇందిరా గాంధీ కాలువ నీళ్ళు. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే హరికే నుంచి వస్తాయి. ఆ చెరువు ముందర టీలోన్ కీ పోల్ అని ద్వారం ఉంది. టీలోన్ ఒక వేశ్య. తన డబ్బుతో కట్టిస్తే, ఆవిడ కట్టించిన ద్వారం కింద నుంచి మేం నడవాలా అని కూల్చబోయారంట. ఆవిడ రాత్రికి రాత్రి దాని మీద కృష్ణుడి గుడి పెట్టించింది. ఇంక గుడి కూలుస్తారా ఎవరైనా? ద్వారం నిలబడింది. మా శాఖలో ఆవిడ ఉండుంటే ఒక్క చెరువూ కబ్జా అయ్యేది కాదు.

లావణ్య: కుల్ధరా వెళ్ళారా? దయ్యాల ఊరని యూట్యూబ్ నిండా అదే.

చిన్నాయన: దయ్యాల కోసం పోయినోళ్ళకి దయ్యాలే కనపడతాయి. పాలీవాల్ బ్రాహ్మణుల ఊరది, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఖాళీ అయింది. దివాన్ సాలిం సింగ్ బాధ పడలేక ఒక్క రాత్రిలో పోయారని కథ. పన్నుల బాధ, నీటి ఎద్దడి రెండూ కలిసి తరిమి ఉంటాయనేది నా మాట. కానీ వాళ్ళు వదిలిపోయింది దయ్యాల్ని కాదమ్మా. ఖడీన్లు.

లావణ్య: అంటే?

చిన్నాయన: మన కుంటలాంటిదే, కానీ తిరగేసి. చుట్టూ రాతి నేల ఏటవాలుగా ఉంటుంది, దాని మీద చినుకు పడితే ఇంకదు, జారి పల్లానికి వస్తుంది. ఆ పల్లంలో అడ్డంగా మట్టి కట్ట వేస్తారు, పక్కన అలుగు. ఇంతవరకూ మన చెరువే. తేడా ఎక్కడంటే, మన ఆయకట్టు కట్ట కింద ఉంటుంది, తూము తీసి పారిస్తాం. వాళ్ళు నీళ్ళని కట్ట లోపల్నే నిలబెట్టి నేలలోకి ఇంకనిస్తారు. పైన ఆరాక ఆ తడి నేలలోనే గోధుమ, శనగ విత్తుతారు. మళ్ళీ ఒక్క తడి పెట్టే పని లేదు. తూము లేదు, కాలవ లేదు, మాలాంటి ఏఈ అసలే లేడు! పదిహేనో శతాబ్దం నుంచీ ఉంది ఆ పద్ధతి.

ఒక ఖడీన్లో దిగి మడమతో తవ్వి చూశాను. డిసెంబరు నెల, వాన పడి మూడు నెలలు పైన. పైపైన నాలుగు వేళ్ళ మందం దుమ్ము, దాని కింద నల్లగా తడి. పక్కనే శనగ చేను, మోకాలెత్తు. అదే చాలా సేపు చూశాను. డ్రైవర్‌కి అర్థం కాలేదు, "హుకుమ్, ఏదైనా పడిపోయిందా?" అని టార్చ్ తెచ్చాడు.

లావణ్య: బికనీర్ గురించి చెప్పనే లేదు.

చిన్నాయన: జునాగఢ్ కోట నేల మీదే ఉంటుంది, ఎక్కే పని లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందు అక్కడికే పోండి. దేశ్‌నోక్‌లో కర్ణీ మాత గుడి. లోపల వేల ఎలుకలు, చెప్పుల్లేకుండా నడవాలి. మీ చిన్నమ్మ గడప దాటలేదు. నేను పోయొచ్చాను, పాదం మీద నుంచి ఒకటి పోయింది, పుణ్యమన్నారు. నాకు నచ్చింది భాండాసర్ జైన గుడి. పునాదికి నీళ్ళకి బదులు నెయ్యి పోశారంట, నలభై వేల కిలోలు. ఎండాకాలం నేల జిడ్డుగా ఊరుతుందని చెప్తారు. కథే అనుకో. కానీ చూడు, నీళ్ళ కంటే నెయ్యి చవకనిపించే చోటే గదా అలాంటి కథ పుడుతుంది.

లావణ్య: తిండి?

చిన్నాయన: సజ్జ రొట్టె, నెయ్యి, బెల్లం. మన ఇంటి తిండే. కానీ కేర్ సాంగ్రీ అని ఒక కూర పెట్టారు, పుల్లగా, కాస్త వగరుగా. సాంగ్రీ అంటే ఏమిటని అడిగితే డ్రైవర్ కారాపి చెట్టు చూపించాడు. ఖేజ్రీ అన్నాడు. చూస్తే మన జమ్మి!

లావణ్య: దసరాకి బంగారం పంచే జమ్మి?

చిన్నాయన: అదే. తెలంగాణకీ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం. దాని కాయ సాంగ్రీ. మనం ఆకు పూజ చేసి ఊరుకున్నాం, వాళ్ళు కాయ ఎండబెట్టి ఏడాదంతా తిన్నారు, ఆకు మేకలకి వేశారు. జోధ్‌పూర్ పక్కన ఖేజడ్లీ అని ఊరుంది. 1730లో రాజు మనుషులు సున్నపు బట్టీల కోసం ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే ఆవిడ, బిష్ణోయి అనే సమాజం వాళ్ళావిడ, చెట్టుని వాటేసుకుంది. ఆవిడతో మొదలై 363 మంది ప్రాణాలు వదిలారు. తిరుగు ప్రయాణంలో పోయి చూశాం. చిన్న గుడి, చుట్టూ జమ్మి చెట్లు, ఎవరూ లేరు. మీ చిన్నమ్మ ఎన్నడూ లేంది అక్కడ నాతో సమానంగా కూర్చుంది.

లావణ్య: కాయలు తెచ్చారా మరి?

చిన్నాయన: అర కిలో ఎండువి తెచ్చింది. రాత్రంతా నానబెట్టి, చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి తిరగమోత పెట్టింది. మార్వాడీవాళ్ళు చూస్తే ఏమంటారో గానీ, రాగి సంగటిలోకి అద్భుతంగా ఉంది.

లావణ్య: నాకు ఒక్క ముద్ద కూడా మిగల్చలేదు.

చిన్నాయన: మన ఊరి చివర జమ్మి చెట్టుంది గదా. ఈసారి కాయ కాసినప్పుడు నువ్వే వచ్చి కోసుకో. నిచ్చెన నేను పట్టుకుంటా.