యూరియా వేసే వేళ, ఊరి బోరు నీళ్లు

సభకు నమస్కారం. రైతు సోదరులకు, సోదరీమణులకు, వ్యవసాయ అధికారులకు, విద్యార్థులకు వందనాలు.

ఎకరానికి యూరియా ఎన్ని బస్తాలు వేయాలన్న చర్చ మన ఊళ్లలో ఎప్పుడూ ఉంటుంది. ఏ రోజున వేయాలన్న చర్చ అంతగా ఉండదు. యూరియా పైరుకు ఇచ్చేది నత్రజని. పైరు తీసుకోలేని రోజున వేసిన నత్రజని బోర్లలోకీ చెరువుల్లోకీ చేరుతుంది కనుక, వేళ తప్పి వేసిన యూరియాను రైతు నష్టంగానే కాక ఊరి తాగునీటి సమస్యగా కూడా చూడాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచిన మాట.

నేలలో పడిన యూరియా మొదట అమ్మోనియంగా మారుతుంది. మన ఎండలకు, తగిన తేమ ఉంటే, ఇందుకు కొద్ది రోజులు చాలు. అమ్మోనియాన్ని బంకమట్టి రేణువులు పట్టి ఉంచుతాయి. అయితే గాలి ఆడే నేలలో సూక్ష్మజీవులు దానిని నైట్రేట్‌గా మారుస్తాయి, నైట్రేట్‌ను మట్టి దాదాపు పట్టి ఉంచలేదు. అది ఏర్పడిన చోట ఆ సమయానికి వేరు ఉంటే పంటకు అందుతుంది, లేకపోతే నీటితో పాటు కిందికి దిగిపోతుంది. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర నేలల్లో, అంటే చల్క నేలల్లో, ఈ దిగుడు వేగంగా ఉంటుంది. 2015 నుంచి దేశంలో అమ్మే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయింది. ఆ పూత నైట్రేట్ తయారీని కొంత ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు.

ఒక్క లెక్క చూడండి. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు ఉంటుంది. అందులో పదో వంతు, రెండు కిలోల పైచిలుకు, నైట్రేట్‌గా మారితే, ప్రాణవాయువు బరువు కూడా కలిసి, తొమ్మిది కిలోలు దాటుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ తొమ్మిది కిలోలు నీటిలో కలిస్తే, అంతకుముందు నైట్రేట్ ఏమాత్రం లేని రెండు లక్షల లీటర్ల నీరు ఆ హద్దుకు చేరుతుంది. ఒకే బస్తాలో పదో వంతు చేసే పని ఇది.

ఆ హద్దు ఎందుకంటే, ఆరు నెలల లోపు పసిపిల్లలకు అలాంటి నీటితో పాలపొడి కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, ఒళ్లు నీలి రంగుకు తిరిగే ప్రమాదం ఉంది. నీళ్లు కాచి తాగితే చాలని తల్లులు అనుకుంటారు. కాచినప్పుడు సూక్ష్మజీవులు చస్తాయి కానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక దేశంలో 440 జిల్లాల భూగర్భ జలాల్లో నైట్రేట్ హద్దు దాటిన చోట్లు ఉన్నాయని తేల్చింది. నేరమంతా యూరియాదే అనడం న్యాయం కాదు. మరుగుదొడ్ల గుంతలు, బోరు పక్కనే వేసే పెంటకుప్పలు కూడా కారణాలే. అయినా పొలం నుంచి వచ్చే వాటాను తగ్గించడం మన చేతిలో ఉంది.

వరి సంగతి కాస్త వివరంగా చెబుతాను. సిఫారసు చేసిన నత్రజనిని మూడు భాగాలు చేసి, నాటే ముందు బురద దున్నే దమ్ములో ఒకటి, పిలకలు వేసి దుబ్బు చేసే దశలో ఒకటి, కాండం లోపల వెన్ను మొదలయ్యే అంకురం దశలో ఒకటి వేయాలని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చాలా కాలంగా చెబుతున్నాయి. నాటిన నారు మూన తిరిగే వరకు, అంటే కొత్త వేర్లు వేసి నిలదొక్కుకునే వరకు, వేర్లకు తీసుకునే శక్తి తక్కువ కనుక, మొదటి విడతలోనే అంతా వేస్తే ఎక్కువ భాగం వృథా. మూడో విడతకు రోజులు లెక్కపెట్టడం కన్నా పైరును చూడడం మేలు. దుబ్బులోని పెద్ద పిలకను పీకి, కాండాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి, పై కణుపు దగ్గర చూడండి. మిల్లీమీటరు పొడవున తెల్లని నూగులాంటి మొన కనిపిస్తే, వెన్ను బయటికి వచ్చి ఈనడానికి ఇంకా నెల రోజులుందని, నత్రజని అవసరం పెరిగిందని అర్థం.

ఇక వేసే తీరు. మడిలో నిండుగా నీళ్లుండగా యూరియా చల్లితే కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, గట్టు గండి తెరిచి ఉంటే మిగిలినదాంట్లో కొంత పక్క కాలువకు పోతుంది. నీరు తీసివేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. ఆ తర్వాత కొన్ని రోజులు మడి నీరు బయటికి వదలకూడదు. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరుకు చేరే మురుగు కాలువలను చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. చేపల చెరువుల వ్యర్థాలు, పట్టణాల మురుగు, పొలాల నీరు అన్నీ కలిసి గుర్రపుడెక్కను పెంచి పోషిస్తున్నాయి.

మెట్ట పైర్లలో అసలు ప్రమాదం తొలకరిలోనే ఉంటుంది. వేసవంతా ఎండిన నేల తొలి వానకు తడవగానే అందులోని సేంద్రియ పదార్థం నుంచి సొంతంగా నైట్రేట్ తయారవుతుంది. ఆ సమయానికి పొలంలో పైరు ఉండదు, ఉన్నా రెండాకుల మొక్క. అందుకే మొక్కజొన్నలో విత్తేటప్పుడు కొంతే వేసి, మోకాలెత్తు దశకూ పూతకు ముందుకూ ఎక్కువ భాగం ఉంచుకోవాలి. పత్తిలో 20, 40, 60, 80 రోజులకు విడతలుగా, మొదలుకు కాస్త దూరంగా పాదు తీసి వేసి మట్టి కప్పాలి. చిరుజల్లు ఎరువును వేరు దగ్గరికి చేరుస్తుంది, భారీ వాన వేరు దాటించి తీసుకుపోతుంది. వాతావరణ శాఖ భారీ వర్ష సూచన ఇచ్చినప్పుడు నాలుగు రోజులు ఆగితే పైరుకు నష్టమేమీ లేదు.

ఐరోపా సమాఖ్య దేశాలు నీటిని కాపాడేందుకు తెచ్చిన 1991 నాటి నైట్రేట్ల ఆదేశం కింద, నైట్రేట్ ముప్పున్న ప్రాంతాల్లో ఏటా కొన్ని నెలల్లో నత్రజని ఎరువులు వేయడాన్నే నిషేధించాయి. మన దగ్గర అలాంటి నిషేధం పనికిరాదని నా అభిప్రాయం. ఇక్కడ వేళను చాలాసార్లు నిర్ణయిస్తున్నది రైతు కాదు, సరఫరా. 2025 ఆగస్టులో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచి బారులు తీరిన సంగతి అందరికీ తెలుసు. అన్ని గంటలు నిలబడి తెచ్చుకున్న బస్తాను, మళ్లీ దొరుకుతుందో లేదోనన్న భయంతో, ఆ సాయంత్రమే చల్లేసిన రైతును నేను తప్పుపట్టలేను. విడతలుగా వేయమని ఆయనకు చెప్పాలంటే, విడతలుగా ఇవ్వగలమన్న హామీ ముందు మనం ఇవ్వాలి. మండలాల వారీగా నాట్ల తేదీలను బట్టి కోటా విడుదల చేయాలని, మూడో విడత బస్తాను అంకురం దశ వరకు సహకార సంఘం గోదాములో రైతు పేరు మీదే ఉంచాలని, వర్షాకాలానికి ముందొకసారి, తర్వాత మరొకసారి ఊరి బోర్ల నీటిలో నైట్రేట్ పరీక్ష చేయించి ఫలితాన్ని పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించాలని ఈ సభలో ఉన్న అధికారులను కోరుతున్నాను.